యాభై రెండు అంగళ్లు

వారానికి ఒక్క ఫొటో, ఏడాది పొడుగునా. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఈ పని నెత్తికెత్తుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ నిలబడాలి?

జనవరి ఒకటో తారీకున పుట్టే ‘వారానికో ఫొటో’ సంకల్పాల్లో చాలామటుకు ఉగాది పచ్చడి తినేనాటికి చప్పబడిపోతాయి. ఎందుకో కరీంనగర్ లెక్కలోనే చెప్పుకుందాం. మొదటి వారం దిగువ మానేరు కట్ట మీద సూర్యాస్తమయం. రెండో వారం దీపాల వెలుగులో తీగల వంతెన. మూడో వారం ఎల్గందుల కోట. నాలుగో వారం వేములవాడ రాజన్న గుడి. అయిదో వారం చీకటితో లేచి బండి మీద కుంటాల దాకా వెళ్తారు. తీరా చూస్తే ఫిబ్రవరి, జలపాతంలో నీళ్లు లేవు. ఆరో వారానికి చూడదగ్గ ప్రదేశాల జాబితా ఖతం. ఏడో వారం ఇంటి గోడ మీద పిల్లి. ఎనిమిదో వారం అదే పిల్లి, ఈసారి నలుపు తెలుపుల్లో. తొమ్మిదో వారం ఏమీ లేదు.

పిల్లిని తప్పు పట్టడం లేదు. తేడా లెక్కలో వచ్చింది. ఏడాదికి 52 వారాలు. బోనాలు, బతుకమ్మ, దసరా, దీపావళి, సంక్రాంతి, నాగోబా జాతర, శివరాత్రి, హోలీ అంటూ ఎంత లెక్కపెట్టినా పండుగ వారాలు పది దాటవు. వాటిని ఎవరైనా తీస్తారు. ఆ రోజుల్లో కెమెరా ఎటు తిప్పినా రంగే. ప్రాజెక్టు నిలిచేదైనా కూలేదైనా మిగిలిన నలభై చిల్లర వారాల్లో. పండుగ లేదు, పెళ్లి లేదు, చుట్టం రాలేదు, మబ్బు కూడా పట్టలేదు. ఆ వారం ఏం తీస్తారు?

ఈ పనికి నిబంధనలు రెండే. ఆ వారం ఫొటో ఆ వారమే తీయాలి, పాతవి తవ్వి పెట్టకూడదు. తీసినవి యాభై అయినా నూరైనా చివరికి ఒక్కదాన్నే ఉంచుకోవాలి. రోజుకొకటి చొప్పున 365 తీసే పద్ధతి కూడా ఉంది. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు ఉన్నవాళ్లకు అది నెల తిరక్కముందే శిక్షగా మారుతుంది. రాత్రి పడుకోబోతూ గుర్తొచ్చి, కంచంలో మిగిలిన చపాతీని ఫొటో తీసి మమ అనిపిస్తారు. వారం అలా కాదు. ఆదివారం కుదరకపోతే బుధవారం ఉంటుంది.

రోజుకొకటి నిలబెట్టినవాళ్లు లేకపోలేదు. అమెరికాలో జేమీ లివింగ్‌స్టన్ అనే ఆయన 1979 మార్చి 31న పోలరాయిడ్ కెమెరాతో మొదలుపెట్టి, 1997 అక్టోబరు 25న కన్నుమూసేదాకా రోజుకొక్క ఫొటో చొప్పున తీస్తూ పోయాడు. ఆరు వేలు దాటాయి. స్నేహితులు, తిన్న తిండి, వీధులు, చివరకు ఆసుపత్రి మంచం. ఏ ఒక్క ఫొటో విడిగా చూసినా అబ్బ అనిపించదు. వరసపెట్టి చూస్తే మాత్రం మధ్యలో లేవలేం. నికొలస్ నిక్సన్ ఇంకో దారి పట్టాడు. 1975 నుంచి తన భార్యనూ ఆమె తోబుట్టువులు ముగ్గురినీ ఏడాదికోసారి, ఎప్పుడూ అదే వరసలో నిలబెట్టి తీశాడు. నలుగురూ మన కళ్ల ముందే పెద్దవాళ్లవుతారు. ఒకాయన రోజును మార్చలేదు, ఇంకొకాయన వరసను మార్చలేదు. మిగతాదంతా దానంతటదే మారిపోయింది. ప్రాజెక్టు పట్టుకునేవాళ్లు ముందుగా తేల్చుకోవలసింది ఇదే: మనం దేన్ని మార్చకుండా ఉంచుతాం?

అంగడి రోజు

మన దగ్గర ఆ మారనిదాన్ని కొత్తగా కనిపెట్టాల్సిన పనిలేదు. ఉత్తర తెలంగాణ పల్లెకు వారమంటే ఒక అంగడి నుంచి మరో అంగడి దాకా. ఉప్పు, నూనె, మిరపకాయ ఆ లెక్కనే కొంటారు. అప్పు తీరుస్తానని చెప్పేదీ వచ్చే అంగడికే. ఆదిలాబాద్ ఏజెన్సీలో ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు, నార్నూరు అంగళ్లకు చుట్టుపక్కల గూడేలన్నీ కదిలొస్తాయి. గోండి, కొలామి, మరాఠీ, లంబాడీ, ఉర్దూ, తెలుగు ఒకే బేరంలో వినిపిస్తాయి. ‘రాం రాం’ అని పలకరిస్తే ఎవరైనా తిరిగి ‘రాం రాం’ అంటారు. ఫొటో తీసేవాడికి అంతకంటే మంచి పరిచయపత్రం లేదు.

అంగడికి మనుషులు సరుకు కోసమే రారు. కబురు కోసం, సంబంధం కోసం, తగవు తెంపుకోవడం కోసం వస్తారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి హక్కుల కోసం ఆదివాసులు సభ తలపెట్టిందీ అంగడి రోజునే, సోమవారం నాడు. ఆ రోజు పోలీసు కాల్పులు జరిగాయి. చనిపోయినవారి పేర స్తూపం ఉంది. కెమెరా పట్టుకుని ఆ అంగడికి వెళ్లేవాళ్లు ముందుగా స్తూపం దాకా నడిచి వెళ్లి రావడం మంచిది. ఎవరి మధ్య నిలబడుతున్నామో తెలిసొస్తుంది.

నా సలహా సూటిగా చెబుతాను. మీకు దగ్గరలో ఉన్న ఒక అంగడిని పట్టుకోండి. అందులో ఒక మూలను ఎంచుకోండి. ప్రతి వారం ఒకే వేళకు అక్కడికి వెళ్లండి. ఫొటో మొత్తం ఆ మూలలోనే తీయాలని లేదు. కానీ అక్కడ నిలబడి మొదలుపెట్టండి.

ఆ ఒక్క మూల ఏడాదంతా ఏం చూపిస్తుందో చూడండి. జూన్‌లో అక్కడ నాగలి కర్రులు, పలుపుతాళ్లు, గొడుగులు, నెత్తిన కప్పుకునే ప్లాస్టిక్ పట్టాలు. శ్రావణం చివర పొలాల అమావాస్య వస్తోందనగా ఎడ్ల కొమ్ములకు పూసే రంగు డబ్బాలు, మెడకు కట్టే గంటలు, మువ్వల పట్టీలు. పత్తి ఏరుడు మొదలై చేతిలో నాలుగు పైసలు ఆడేసరికి చీరలు, పిల్లల బట్టలు, స్టీలు గిన్నెలు. డిసెంబరులో రగ్గులు, మంకీ టోపీలు. తిర్యాణి మండలం గిన్నెధరిలో చలి 5 డిగ్రీల లోపుకు పడిపోయిన ఏళ్లున్నాయి మరి. మార్చి దాటితే ఎండిన ఇప్పపువ్వు, చింతపండు. ఏప్రిల్‌లో రంజన్లు, పుచ్చకాయలు. ఇవన్నీ పరిచేది అదే పట్టా, కూర్చునేది అదే మనిషి. పన్నెండు ఫొటోలు పక్కపక్కన పెడితే మీరు ఒక్క మాట రాయకుండానే జిల్లా వ్యవసాయ క్యాలెండర్ తయారవుతుంది.

మొదటి రెండు మూడు వారాలు మిమ్మల్ని అనుమానంగా చూస్తారు. ఏ ఆఫీసు నుంచి వచ్చాడో, ఏ సర్వేనో అనుకుంటారు. తర్వాత నవ్వుతారు. ఆ నవ్వు దగ్గర ఫొటో బాగా రాదు. అందరూ కెమెరాకు ముస్తాబై కూర్చుంటారు. ఇంకొన్ని వారాలు ఓపిక పడితే మిమ్మల్ని పట్టించుకోవడం మానేస్తారు. అసలు ఫొటోలు అప్పుడు మొదలవుతాయి. ఉల్లిగడ్డలమ్మే ఒక అవ్వ తక్కెడ దించకుండానే నన్ను ఒకసారి నిలదీసింది: ‘‘ఏందిరా కొడుకా, అంగడంగడికి వచ్చి గుంజుకపోతనే ఉన్నవ్. ఒక్కటన్న సూపెట్టినవా?’’ దాని సంగతి చివర్లో చెబుతాను.

అంగట్లో అందరినీ ఇబ్బంది పెట్టేది పట్టా. ఎండకు, వానకు కట్టిన నీలి రంగు పట్టా కింద కూర్చున్న మనిషి మొహం ఫొటోలో నీలంగా వస్తుంది. నారింజ రంగు పట్టా అయితే కామెర్ల రోగిలా వస్తుంది. మొహాన్ని సరిచేయబోతే టమాటల రంగు పాడవుతుంది. ఎందుకంటే టమాటల మీద పడేది బయటి ఎండ, మొహం మీద పడేది పట్టాలోంచి వడకట్టిన వెలుగు. తర్వాత కంప్యూటర్‌లో ఎంత గీకినా రెండూ ఒకేసారి దారికి రావు. మందు ఒక్కటే. పట్టా అంచు దగ్గర కూర్చున్నవాళ్లను చూసుకోవాలి. పక్క నుంచి వచ్చే తెల్లటి వెలుగు చెంప మీద పడేచోట నిలబడాలి. రెండడుగుల తేడా అంతే. వారం వారం అదే మూలకు వెళ్లేవాడికి ఏ వేళకు ఏ పట్టా కిందికి ఎండ దూరుతుందో కంఠతా వస్తుంది. ఊరూరా తిరిగేవాడికి రాదు.

మిరుగం నుంచి మిరుగానికి

జనవరి ఒకటి మన చెలకలకు ఏమీ కాదు. ఆ రోజు చేన్లో సగం పత్తి ఏరి ఉంటుంది, కంది కోతకు వస్తుంది. కథ మధ్యలో పుస్తకం తెరిచి చదవడం ఎందుకు? జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె, అంటే మన మిరుగం, ప్రవేశిస్తుంది. చేపల దుకాణాల ముందు జనం బారులు తీరే ఆ రోజున మొదలుపెడితే, దుక్కి దున్నడం నుంచి నెర్రెలు విచ్చిన నేల దాకా ఏడాది ఒక వరసలో వస్తుంది. మొదట్లోనే వాన, బురద, మొలక ఉంటాయి కాబట్టి ఉత్సాహం కూడా తొందరగా చావదు. టేకు అడవి వేసవిలో ఆకు రాల్చి బోసిగా ఉంటుంది. రెండు మంచి వానలు పడ్డాక అదే దారి గుర్తుపట్టలేం. ఖానాపూర్, జన్నారం వైపు రోడ్డు మీద ఒకే మైలురాయిని జూన్ మొదటి వారంలో ఒకసారి, జులై చివర ఒకసారి తీసి చూడండి.

వెలుగు విషయంలో మన ప్రాంతానికి సొంత లెక్కలున్నాయి. కరీంనగర్‌లో సూర్యోదయం జూన్ తొలి వారాల్లో 5.40 ప్రాంతంలో, జనవరిలో 6.50 దగ్గర. అంటే చలికాలం పొద్దున ఏడింటికి నింపాదిగా చాయ్ తాగి వెళ్లినా మంచి వెలుగు దొరుకుతుంది. మే నెల రెండో వారం ముగిసేసరికి కరీంనగర్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఇంకో అయిదారు రోజులకు ఆదిలాబాద్‌కు ఆ వంతు వస్తుంది. జులై ఆఖరి వారంలో ఈ వరస తిరగబడుతుంది, ముందు ఆదిలాబాద్, తర్వాత కరీంనగర్. కానీ అప్పుడు మబ్బులు అడ్డం. ఆ మే మధ్యాహ్నాల్లో మనుషుల మొహాలు తీస్తే కళ్లు రెండూ నల్లటి గుంతలుగా వస్తాయి. అందరూ చెప్పే సలహా ఆ వేళ కెమెరా తీయొద్దని. నేనైతే ఒక్క వారం తీయమంటాను. నీడే లేని కరెంటు స్తంభం, చెట్టు మొదట్లోకి ముడుచుకున్న మేకలు, తలపాగా అంచు కింద ముక్కు దాకా నల్లబడిన మొహం. మన మే నెల నిజంగా ఉండేది అలాగే. పొద్దుటి బంగారు వెలుగులో తీసిన మే నెల ఫొటో అందంగా ఉంటుంది కానీ అబద్ధం చెబుతుంది.

తెల్లబంగారం, నల్లబంగారం

కెమెరాకు తెలుపు ఏదో, నలుపు ఏదో తెలియదు. ఫోనైనా, లక్ష రూపాయల కెమెరా అయినా ఎదురుగా ఉన్నదాన్నంతా సగటు తీసి, ఒక మధ్యస్థపు బూడిద రంగుకు సరిపెట్టాలని చూస్తుంది. ఇందులో మన ఉత్తర తెలంగాణకు రెండు పరీక్షలున్నాయి. ఒకటి ఆదిలాబాద్ పత్తి, రెండోది గోదావరిఖని బొగ్గు.

నవంబరులో ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు వెళ్లి పత్తి కుప్పను ఫ్రేము నిండా పెట్టి నొక్కితే, వచ్చిన ఫొటోలో పత్తి మాసిన దుప్పటిలా ఉంటుంది. అంత తెలుపు చూసి వెలుగు ఎక్కువైందని కెమెరా తగ్గించేసింది. ఫోనులో అయితే కుప్ప మీద వేలితో తాకి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపండి. కెమెరాలో అయితే ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచండి. బొగ్గు దగ్గర దీనికి తలకిందులు. బొగ్గు కుప్ప బూడిద కుప్పలా వస్తుంది, ఒక మెట్టు తగ్గించాలి. వారానికొకటి చొప్పున ఈ రెండూ చేసినవాళ్లకు ఎక్స్‌పోజర్ మీద ఇంకే పాఠమూ అక్కర్లేదు.

అయితే యార్డులో తీయవలసింది కుప్పను కాదు. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు దగ్గర తేమ కొలిచే మిషన్‌ను పత్తిలోకి గుచ్చుతారు. అంకె 8 లోపు ఉంటే పూర్తి మద్దతు ధర. ఆపైన ఒక్కో శాతానికి కోత. 12 దాటితే కొనరు. రాత్రంతా ట్రాలీ పక్కనే చలిలో పడుకున్న రైతు ఆ అంకె తేలేదాకా మిషన్‌ను చూడడు, చూసేవాడి మొహాన్ని చూస్తాడు. ఫ్రేములోకి మిషన్ రాకపోయినా ఫరవాలేదు, ఆ చూపు రావాలి. అడిగి తీయండి. ధర తెగిన రైతును ఆ క్షణంలో తీయకుండా వదిలేస్తే మీ ప్రాజెక్టుకు వచ్చే నష్టం ఏమీ లేదు.

బొగ్గు వైపు షరతులు ఎక్కువ. గని లోపలికి, ఓపెన్‌కాస్టు అంచులకు అనుమతి లేకుండా వెళ్లకూడదు. రామగుండం, శ్రీరాంపూర్, మందమర్రి వైపు షిఫ్టు మారే వేళకు గేటు బయటి చాయ్ హోటలు చాలు. గిన్నె డబ్బా సంచీ, కనుబొమల మీద మిగిలిన మసి, గుక్క చాయ్ మధ్యలో ఆపి చెప్పుకునే ముచ్చట, కావలసినంత ఉంటుంది.

సిరిసిల్ల వెళ్తే ఇంకో చిక్కు. సాంచాల (మరమగ్గాల) షెడ్డులో ట్యూబులైట్ల కింద ఫోనుతో తీసిన ఫొటోలో అడ్డంగా నల్లటి చారలు పడతాయి. ఫోను పాడైందనుకుంటారు. కాదు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు తిరుగుతుంది కాబట్టి ఆ దీపాలు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. కంటికి తెలియదు, వేగంగా తెరిచి మూసే కెమెరాకు తెలుస్తుంది. షట్టరును సెకనులో 100వ వంతుకో, 50వ వంతుకో పెడితే చారలు పోతాయి. ఆ నెమ్మదిలో ఇంకో లాభం ఉంది. అటూ ఇటూ పరుగెత్తే నాడె చెదిరి ఒక గీతలా వస్తుంది, దారం అతికే చెయ్యి మాత్రం నిలకడగా ఉంటుంది. సాంచాల చప్పుడు ఫొటోలోకి ఎలా తేవాలా అని తల పట్టుకున్నవాళ్లకు జవాబు అదే.

మార్లవాయిలో మకాం

ఒకే చోట పాతుకుపోయి ఫొటోలు తీయడమంటే ఏమిటో ఆదిలాబాద్‌కు ఎనభై ఏళ్ల కిందటే తెలుసు. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1940ల మొదట్లో జైనూరు దగ్గరి మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్య ఉన్నారు. కుమురం భీము నాయకత్వంలో పోరాటం జరిగి, ఆయన 1940లో జోడేఘాట్‌లో అమరుడైన కొద్దికాలానికే జరిగిన సంగతి ఇది. బయటివాళ్లంటే గూడేలకు నమ్మకం పోయిన కాలం. హైమన్‌డార్ఫ్ రాసిన ఆదిలాబాద్ రాజ్‌గోండుల పుస్తకం 1948లో వచ్చింది. పుస్తకంతో పాటు ఆయన తీసిన ఫొటోలూ మిగిలాయి. అవిప్పుడు లండన్‌లోని సోయాస్ సంస్థ భాండాగారంలో ఉన్నాయి.

ఆ ఫొటోల్లో నాకు నచ్చేవి జాతరలు, నాట్యాలు కావు. అవి ఆ తర్వాత వేలమంది తీశారు. ఇల్లు కప్పేవాళ్లు, ధాన్యం నూర్చేవాళ్లు, ఊరికే కూర్చున్నవాళ్లు. ఆ రోజు ఆ ఊళ్లో మకాం ఉన్నవాడికి తప్ప ఇంకొకరికి దొరకని ఫొటోలు అవి. బెట్టీ 1987లో, ఆయన 1995లో చనిపోయారు. ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే పక్కపక్కన ఉన్నాయి. ఏటా జనవరి 11న గోండులు అక్కడ నివాళి అర్పిస్తారు. ఫొటో తీసిన ఊరే తీసినవాడిని అలా దాచుకున్న సంఘటన ఇంకెక్కడైనా ఉందా అంటే నేనైతే వినలేదు.

తెలుగువాళ్లలో ఈ బాట పట్టినవాళ్లు తక్కువేం కాదు. గిరిజనుల చిత్రాలతో పేరు తెచ్చుకున్న బండి రాజన్‌బాబు 1939లో మన కోరుట్లలో పుట్టినవాడే. ఎంతోమందికి ఫొటోగ్రఫీ నేర్పి, 2011లో వెళ్లిపోయారు. వరంగల్ భరత్ భూషణ్ తెలంగాణ పల్లె బతుకును, బతుకమ్మను దశాబ్దాల పాటు తీసి 2022లో కన్నుమూశారు. ఇద్దరూ వృత్తిగా చేసినవాళ్లు. సరదాగా చేసేవాళ్లకు వాళ్ల కన్నా ఒక్కటి ఎక్కువ ఉంది. ఎవరికీ లెక్క చెప్పాల్సిన పనిలేదు.

పండుగ వారాల్లో

ఆ పది వారాల గురించి కూడా రెండు మాటలు. నాగోబా జాతరకు పుష్య అమావాస్య రాత్రి కెస్లాపూర్‌లో కెమెరాల మధ్య మోచేతులు తగులుతాయి. కానీ గోండుల్లోని మెస్రం వంశస్థులు పూజకు కావలసిన గోదావరి నీళ్లను జన్నారం మండలం హస్తినమడుగు నుంచి కాలినడకన తెస్తారు. ఆ నడక జాతరకు ముందే మొదలవుతుంది. తెల్లటి బట్టల్లో ఒకరి వెనక ఒకరు పొలం గట్ల మీద నడిచే ఆ వారాల్లో ఫొటోగ్రాఫర్లు పలచగా ఉంటారు. ముందు పెద్దలను అడిగి, వాళ్లు ఆగమన్నచోట ఆగితే మంచి ఫొటోలు అక్కడే ఉన్నాయి. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ దగ్గర మాత్రం కెమెరా సంచిలో ఉంచుకోవడం మర్యాద.

దీపావళికి గోండులు జరిపే దండారిలో నాట్యమాడే గుస్సాడీలు దీక్షలో ఉన్నవాళ్లు. ఒంటికి బూడిద, తలకు నెమలి ఈకల టోపీ చూసి వేషగాళ్లనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. టోపీ తీసి ఒకసారి ఇమ్మని అడిగేవాళ్లను, భుజం మీద చెయ్యేసి సెల్ఫీ దిగబోయేవాళ్లను చూస్తుంటే తల కొట్టేసినట్టుంటుంది. మార్లవాయి గుస్సాడీ కళాకారుడు కనక రాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన కాలం చేశారు. ఆయన నాట్యం తీసిన ఫొటోలు కోకొల్లలు. నాట్యం లేని రోజు ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగా తీసినవి ఎన్ని ఉంటాయి? వారానికో ఫొటో తీసేవాళ్లు పూరించగల ఖాళీ అది.

బతుకమ్మకు సద్దుల రోజు కంటే ముందు రోజుల్లో తంగేడు, గునుగు కోసుకొచ్చే పిల్లలను వెతకండి. కుంటాలకు ఆగస్టు దాటాక వెళ్లండి, బండల మీదికి మాత్రం దిగొద్దు. అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. కవ్వాల్ పులుల అడవి లోపలికి సొంతంగా దారి చూసుకోవద్దు.

కావలసిన సామాను గురించి పేజీలు రాయొచ్చు కానీ అనవసరం. చేతిలో ఉన్న ఫోను సరిపోతుంది. కెమెరా ఉంటే ఒక్క లెన్సుతోనే ఏడాది నడపండి. ఏ ఫొటో ఉంచుకోవాలో ఆదివారం రాత్రి తేల్చేయండి, సోమవారానికి వాయిదా వేస్తే పేరుకుపోతాయి. ఒక వారం తప్పిపోతే ఆ గడిని ఖాళీగా వదిలేయండి. తర్వాతి వారం రెండు తీసి పూడ్చడం దొంగ హాజరు వేసుకోవడమే. వాట్సాప్‌లో పంపిన ఫొటోను దాచుకోవద్దు, పంపేటప్పుడే అది కుంచించుకుపోతుంది. అసలు ఫైలును రెండు చోట్ల పెట్టండి. ఒక చిన్న నోటుబుక్కులో తేదీ, ఊరు, ఆ రోజు అంగట్లో టమాట కిలో ఎంత పలికిందో రాసుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత ఫొటో కన్నా ఆ ధరే ముందు చదువుతారు.

ఇక ఉల్లిగడ్డల అవ్వ మాట. హైమన్‌డార్ఫ్ ఫొటోలు లండన్‌లో ఉన్నాయి. ఫోనులో నెట్టు ఉన్న మనవడు వెతికితే తాత ఊరు కనిపించవచ్చు. కానీ మన ఫోన్లలో పడి ఉన్న ఫొటోలు లండన్‌లోనూ లేవు, ఊళ్లోనూ లేవు. ఫోను మార్చినప్పుడు పోతాయి. కరీంనగర్‌లోనైనా, ఆదిలాబాద్‌లోనైనా స్టుడియోలో చిన్న సైజు ప్రింటు వేయించడానికి ఒకటి రెండు చాయ్‌ల ఖర్చు. ఎవరిని తీశారో వాళ్లకు తర్వాతి అంగట్లో ప్రింటు చేతిలో పెట్టండి. నేను ఇచ్చిన ప్రింటును అవ్వ చీర చెంగుతో తుడిచి చూసుకుని, ‘‘గిదేం మొకం, నవ్వంగ దియ్యరాదూ’’ అని కసిరి, మంచిదొకటి తీయమని మళ్లీ కూర్చుంది.

ఏడాది చివర 52 ప్రింట్ల సెట్టు ఒకటి మీ ఊరి గ్రంథాలయానికో, బడికో ఇవ్వండి. వెనకవైపు తేదీ, ఊరు మెత్తటి పెన్సిలుతో రాయండి, పెన్ను సిరా ముందువైపుకు ఊరొచ్చు. మనుషుల పేర్లు వాళ్లను అడిగాకే రాయండి. మిరుగం దాకా ఆగలేమంటే ఆగొద్దు. మీ ఊరి అంగడి ఏ రోజో కనుక్కుని ఈ వారమే వెళ్లండి.